పొలంలో దొరికిన 64 బిళ్ళలు: గుర్తింపు పని డైరీ

నేలలోని లోహాన్ని పసిగట్టే మెటల్ డిటెక్టర్ ఏది కొనాలి, కాయిల్ ఎలా ఊపాలి, గుంట ఎలా తీసి పూడ్చాలి అన్నవి ఇందులో ఉండవు. తవ్వి ఇంటికి తెచ్చిన తర్వాత ఆ బిళ్ళ ఏ దేశానిది, ఏ కాలానిది అని తేల్చే పని మాత్రమే రాస్తున్నాను. చోటు ఇంగ్లండ్ తూర్పు భాగంలోని నార్ఫోక్ కౌంటీ, పక్కపక్కనే ఉన్న రెండు దుక్కి పొలాలు. రైతు అనుమతి కాగితం మీద ఉంది. ఏదైనా విలువైనది దొరికితే చెరిసగం అని అందులోనే రాసుకున్నాం. ఆ భూమిలో రక్షిత పురావస్తు స్థలం లేదని ముందే పటంలో చూసుకోవాలి. అలాంటి చోట అనుమతి లేకుండా డిటెక్టర్ వాడితే 1979 నాటి చట్టం కింద నేరం.

పెట్టెలో ఉన్నవి 64 గుండ్రటి లోహపు ముక్కలు. వాటిని అప్పుడే నాణేలు అనడం లేదు. ఎందుకో మొదటి దశలోనే తెలుస్తుంది.

పనిముట్లు

1. 0.01 గ్రాము వరకు చూపే చిన్న త్రాసు, దాన్ని సరిచూసుకోవడానికి ఒక ప్రామాణిక తూకపు రాయి.
2. ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్. ఉక్కుదైతే మెత్తని వెండి అంచు మీద గీత పడుతుంది.
3. 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం.
4. చిన్న టార్చిలైటు, ఫోను, ఫోనును కదలకుండా పట్టే స్టాండు.
5. డిస్టిల్డ్ వాటర్, పళ్ళపుల్లలు, మెత్తని బ్రష్షు.
6. జిప్ సంచులు, అట్ట కార్డులు.

ఒక్కో ముక్కకు ఒక్కో కార్డు. అందులో వరుస సంఖ్య, బరువు, అత్యధిక వ్యాసం, అత్యల్ప వ్యాసం, మందం, లోహం రంగు, అంచు తీరు, దొరికిన చోటు. చోటుకు బ్రిటిష్ నేషనల్ గ్రిడ్ సంఖ్యను 8 అంకెల్లో రాశాను. 6 అంకెలైతే 100 మీటర్ల గడి వస్తుంది, 8 అంకెలైతే 10 మీటర్ల గడి. ఈ తేడా ఎందుకు పనికొస్తుందో నాలుగో దశలో వస్తుంది. వ్యాసాన్ని రెండు దిక్కులా కొలవడం అనవసరపు చాదస్తంలా ఉంటుంది గాని, సుత్తితో కొట్టి చేసిన నాణేలు పూర్తి గుండ్రంగా ఉండవు. పైగా అంచులు కత్తిరించి వెండి దొంగిలించిన వాళ్ళ చేతివాటం ఈ రెండు అంకెల తేడాలోనే బయటపడుతుంది.

దశ 1: నాణెం కానివి ఏరివేయడం

ఎక్కువగా మోసం చేసేవి 18వ శతాబ్దపు కోటు గుండీలు. చదునుగా, తెల్లబడిన ఇత్తడి రంగులో ఉంటాయి. వెనక కొక్కెం ఊడిపోయాక అచ్చం అరిగిన నాణెంలా కనిపిస్తాయి. భూతద్దం కింద వెనకవైపు సరిగ్గా మధ్యలో చిన్న మచ్చ, దాని చుట్టూ లేతు యంత్రం వదిలిన సన్నని వలయాలు ఉన్నాయంటే అది గుండీయే. ఈ ఒక్క గుర్తుతో 8 ముక్కలు పక్కకు వెళ్ళాయి.

సీసపు బిళ్ళలు 3. పరిమాణాన్ని మించిన బరువు, బూడిద రంగు, గోటితో నొక్కితే లొంగే మెత్తదనం. వీటిని ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మరొకటి బట్టల మూటకు వేసే సీసపు ముద్ర. పాతకాలంలో బట్ట నాణ్యతను తనిఖీ చేసినవారు దాన్ని బట్ట అంచుకు నొక్కేవారు. చివరిది ట్రాక్టరు వాషర్. మట్టి నిండి రంధ్రం మూసుకుపోయింది.

*లెక్క: 64లో 13 తీసివేత. మిగిలినవి 51.*

దశ 2: కడగడం, చింతపండు పరీక్ష

ఊరి నుంచి అమ్మ ఫోనులో ఇచ్చిన సలహా: "కాస్త చింతపండు పెట్టి తోమరా, తళతళలాడుతుంది." తళతళలాడుతుంది, అందులో సందేహం లేదు. ఇత్తడి చెంబుకు అదే కావాలి. నాణేనికి కాదు. పాత రాగి నాణెం మీది అక్షరం చాలాసార్లు లోహంలో కాకుండా, లోహం మీద గట్టిపడిన చిలుము పొరలో మిగిలి ఉంటుంది. పొర పోతే అక్షరమూ పోతుంది.

మాటతో సరిపెట్టకుండా కొలిచి చూశాను. రెండువైపులా దాదాపు నున్నగా అరిగిపోయిన ఒక అర పెన్నీని పరీక్షకు పెట్టాను. ముందు బరువు 8.12 గ్రాములు. చింతపండు రసంలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టాక 7.94. పోయిన 0.18 గ్రాములో మట్టి కొంతే. రంగు లేత గులాబీకి తిరిగింది. అంతకుముందు ఏటవాలు వెలుతురులో లీలగా కనిపించిన తల ఆకారం మళ్ళీ కనిపించలేదు. నిమ్మరసం, వెనిగర్, కోలా పానీయాలు, అన్నీ ఆమ్లాలే, ఫలితమూ ఇదే. ఆలివ్ నూనెలో నెలల తరబడి నానబెట్టమని కొందరు చెబుతారు. నూనెలోనూ ఆమ్లాలుంటాయి, నిదానంగా అదే పని చేస్తాయి.

నేను పాటించిన పద్ధతి:

1. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది.
2. మట్టి మెత్తబడ్డాక పళ్ళపుల్లను తడిపి, అక్షరాల వెంట కాకుండా అడ్డంగా తోయడం.
3. వెండి అయితే ఇక్కడికి చాలు. రాగి అయితే ఆరబెట్టి మెత్తని బ్రష్షు.
4. మట్టి రాకపోతే వదిలేయడం. మళ్ళీ నానబెట్టొచ్చు, గీకిన గీతను మాత్రం పూడ్చలేం.

రాగి మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది మామూలు చిలుము కాదు. క్లోరైడు వల్ల లోపలి నుంచి తినేసే జబ్బు. అలాంటిదాన్ని సిలికా జెల్ పొట్లంతో వేరే డబ్బాలో పెట్టాలి.

దశ 3: పెద్ద రాగి నాణేలు

తేలిక పని కనుక త్వరగా ముగించాను. బ్రిటన్‌లో 1860లో చిల్లర రాగి నుంచి కంచుకు మారింది, పరిమాణం తగ్గింది. కంచు పెన్నీ 9.45 గ్రాములు, దాదాపు 31 మి.మీ. అర పెన్నీ 5.67 గ్రాములు, పావు పెన్నీ అయిన ఫార్దింగ్ 2.83 గ్రాములు. ఈ తూకాల దగ్గర, పలుచగా ఉన్న 6 ముక్కలు విక్టోరియా రాణివి, ఆ తర్వాతి రాజులవి. తేదీలు కూడా కనిపించాయి.

మిగతా 13 పాత రాగి. అక్షరాలు పోయినా తల ఎటు చూస్తోందన్నది మిగులుతుంది. రాగి నాణేల మీద రెండో చార్లెస్ ఎడమకు, మూడో విలియం కుడికి, మొదటి జార్జ్ కుడికి, రెండో జార్జ్ ఎడమకు, మూడో జార్జ్ కుడికి. బొరుసు వైపు అందరికీ ఒకటే: కూర్చున్న బ్రిటానియా. కనుక బొరుసు శుభ్రంగా ఉండి బొమ్మ అరిగిన నాణెం కంటే, బొరుసు పోయి బొమ్మ నీడగానైనా మిగిలిన నాణెమే మేలు. ఈ సంగతి తెలిశాక కడిగే వరుస మార్చాను: ముందు బొమ్మ వైపు, తేలకపోతేనే రెండో వైపు.

ఒక మూడో జార్జ్ అర పెన్నీ 6.4 గ్రాములే తూగింది. అప్పటి ప్రమాణం ఒక పౌండు బరువు రాగికి 46 నాణేలు, అంటే ఒక్కోటి 9.86 గ్రాములు. అరుగుదల మూడు గ్రాములు తినదు, అదీ తేదీ స్పష్టంగా కనిపిస్తుండగా. ఇది ఆ కాలపు దొంగ నాణెం. 1775 తర్వాత దాదాపు పాతికేళ్ళు ప్రభుత్వ టంకశాల అర పెన్నీలు కొట్టలేదు. చిల్లర కరువును దొంగ టంకశాలలు తీర్చాయి. నాకైతే అసలుదాని కంటే ఇదే ఎక్కువ నచ్చింది.

అన్నిటికంటే బరువైనది 1797 నాటి వెడల్పు గట్టు పెన్నీ. బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో మాథ్యూ బోల్టన్ ఆవిరి యంత్రాలతో కొట్టినది. సరిగ్గా ఒక ఔన్సు రాగి, 28.35 గ్రాములు ఉండాలి, నాది 26.90.

*లెక్క: రాజు లేదా రకం తేలినవి 14. కాలం మాత్రమే తేలినవి 5. మిగిలినవి 32.*

దశ 4: సుత్తి దెబ్బ వెండి

ఎక్కువ సమయం పట్టిందీ, ఎక్కువ పద్ధతులు విఫలమైందీ ఇక్కడే.

*విఫలం: ఫోటో చూసి చెప్పే ఫోను యాప్.* పెన్నీ ఫోటో ఇస్తే ఒకసారి ఒక రాజు పేరు, అదే నాణేన్ని కొంచెం తిప్పి ఇస్తే మరో దేశం పేరు చెప్పింది. ఎదురుగా చూసే కిరీటం తల, వెనక సిలువ, మధ్య చుక్కలు ఉన్న నమూనా 13వ శతాబ్దం చివరి నుంచి రెండు వందల ఏళ్ళకు పైగా నడిచింది. తేడా అంతా అక్షరాల్లోనే ఉంది, యాప్ చూసేది మాత్రం బొమ్మను.

*విఫలం: కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం.* మందపాటి రాగికి పనిచేస్తుంది. అర మిల్లీమీటరు మందం వెండి మీద నొక్కితే వంగుతుంది. మొదటి చప్పుడుకే ఆపేశాను.

*విఫలం: నీటిలో తూచి లోహం తేల్చడం.* సూత్రం సరైనదే. గాలిలో బరువును, నీటిలో తగ్గిన బరువుతో భాగిస్తే సాంద్రత వస్తుంది. స్టెర్లింగ్ వెండికి 10.3 దరిదాపుల్లో, రాగికి 8.9 రావాలి. 1797 పెన్నీకి నీటిలో తగ్గినది 3.02 గ్రాములు, సాంద్రత 8.91 వచ్చింది, భేషుగ్గా ఉంది. అదే 1.31 గ్రాముల వెండి పెన్నీకి తగ్గినది 0.13. త్రాసు ఒక్క అంకె అటూ ఇటూ అయితే 0.12 లేదా 0.14. ఫలితం 10.9 నుంచి 9.4 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. అంటే శుద్ధ వెండికీ, కల్తీ వెండికీ తేడా చెప్పలేదు. 0.001 గ్రాము త్రాసు లేకుండా చిన్న నాణేలకు ఈ పరీక్ష దండగ. ఒక గాలి బుడగ అంటుకున్నా లెక్క తలకిందులే.

పనిచేసినది ఏటవాలు వెలుతురు. పద్ధతి ఇది:

1. గది చీకటి చేయాలి. నాణేన్ని నల్ల గుడ్డ మీద, ఫోనును సరిగ్గా పైన పెట్టాలి.
2. టార్చిని దాదాపు బల్లకు ఆనించి, నాణెం పక్క నుంచి వెలుతురు పాకేలా పట్టాలి.
3. గడియారంలో 12 దగ్గర మొదలుపెట్టి, చుట్టూ 8 చోట్ల నుంచి ఒక్కో ఫోటో.
4. నలుపు తెలుపులోకి మార్చి పక్కపక్కన చూడాలి. నిలువు గీత పక్క నుంచి వచ్చే వెలుతురులో, అడ్డ గీత పైనుంచి వచ్చే వెలుతురులో తేలుతుంది.
5. కనిపించిన గీతను కార్డు మీద గీయాలి. అక్షరమని అనుకున్నది కాదు, కనిపించిన గీతే.

ఐదో మెట్టు కచ్చితంగా పాటించాలి. పుస్తకంలో పేరు చూసి నాణెం మీద వెతికితే అది తప్పకుండా కనిపిస్తుంది. అప్పటి అక్షరాలు నేటి రోమన్ అక్షరాల్లా ఉండవు. ఎన్ అనేది హెచ్‌లా, ఇ గుండ్రంగా, యు అన్నచోట వి ఉంటుంది.

ఇక వెనకవైపు. పొడవాటి సిలువ ఊరి పేరును నాలుగు ముక్కలు చేస్తుంది. లండన్ అయితే సివి, టాస్, లాన్, డాన్. కాంటర్‌బరీ అయితే సివి, టాస్, కాన్, టార్. డరమ్ అయితే సివి, టాస్, డర్, ఎమె. మొదటి రెండు ముక్కలు "నగరం" అన్న మాటే, అవి ఎంత స్పష్టంగా ఉన్నా ఉపయోగం లేదు. నాలుగో వంతు ఒక్కటి చదవగలిగితే టంకశాల తేలిపోతుంది. ఒక పెన్నీలో మొత్తం నాణెం మీద నాకు దక్కినవి "టి, ఓ, ఆర్" మూడే అక్షరాలు. అవి చాలు, కాంటర్‌బరీ. మొదటి ముక్క "విల్" అని మొదలైతే అది నగరం కాదు, పట్టణం. బరీ సెయింట్ ఎడ్మండ్స్, బెరిక్ వంటివి వెతకాలి.

ఇంగ్లండ్‌ను వరుసగా ముగ్గురు ఎడ్వర్డ్‌లు ఏలారు, నాణేల మీద మొదటి, రెండో అన్న అంకె లేదు. పేరును ఎంతవరకు రాశారన్నదే ఆధారం. ఇ, డి, డబ్ల్యూ అని కుదించి వెంటనే రాజు అనే ఆర్ వస్తే చాలావరకు మొదటి ఎడ్వర్డ్. 1300 దాటాక పేరు పొడవు పెరిగి ఎడ్వర్డ్, ఎడ్వర్, ఎడ్వా అని వస్తుంది, రెండో ఎడ్వర్డ్ కాలంలో ఎడ్వా దగ్గర నిలుస్తుంది. కిరీటం ఆకారాన్ని బట్టి ఇంకా చిన్న తరగతులున్నాయి గాని, అరిగిన నాణేలకు అంత దూరం వెళ్ళలేదు.

బరువు కూడా కాలం చెబుతుంది. పెన్నీకి ఉండాల్సిన తూకం ఇలా తగ్గుతూ వచ్చింది:

- 1279 నుంచి: సుమారు 1.44 గ్రాములు
- 1351 నుంచి: 1.17
- 1412 నుంచి: 0.97
- 1464 నుంచి: 0.78

ఈ సాక్ష్యం ఒక వైపే చెల్లుతుంది. 1.31 తూగిన పెన్నీ 1351 తర్వాతది కావడం కష్టం, ఎందుకంటే నాణెం భూమిలో బరువు పెరగదు. కానీ 0.95 తూగినంత మాత్రాన అది 1412 తర్వాతదని చెప్పలేం. అరిగి ఉండొచ్చు, అంచు కత్తిరించి ఉండొచ్చు. మొదట్లో బరువు ప్రకారం కుప్పలు పోసిన పద్ధతిని ఇందుకే మార్చి, బరువును "దీని తర్వాతది కాదు" అని చెప్పడానికి మాత్రమే వాడాను. చివరికి నాలుగు పెన్నీలు తేలాయి: మూడు మొదటి ఎడ్వర్డ్‌వి, ఒకటి రెండో ఎడ్వర్డ్‌ది. మరో రెంటికి కాలం దగ్గరే ఆగాను.

1279కి ముందు మాత్రం పేరు చదివినా లాభం లేదు. చిన్న సిలువ పెన్నీలు 1180 నుంచి 1247 వరకు నడిచాయి. వాటి మీద ఎప్పుడూ హెన్రీ పేరే. సింహహృదయుడు రిచర్డ్ ఏలినా, జాన్ ఏలినా ఇంగ్లండ్ పెన్నీ మీద తండ్రి పేరే కొనసాగింది. నా దగ్గరున్నది అలాంటిదాని పావు ముక్క. అప్పట్లో చిల్లర కావాలంటే పెన్నీని సిలువ గీత వెంట కత్తిరించేవారు. గుండ్రటి అర పెన్నీ, పావు పెన్నీ స్థిరంగా వచ్చినది 1279 తర్వాతే. కత్తిరించిన ముక్కలో నాణెం కొట్టించినవాడి పేరు కొసైనా ఉంటే తేదీ దగ్గరపడుతుంది. దీనిలో లేదు. 0.31 గ్రాములు, "కాలం మాత్రమే" కుప్పలోకి.

రెండు గీతల పొడవాటి సిలువ ఉన్న అర ముక్కలు 2 వచ్చాయి, 1247–1279 నాటివి. రెండూ ఒకే 10 మీటర్ల గడిలో. ఇక్కడ పని ఆపేశాను. 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం 300 ఏళ్ళు దాటిన, కనీసం 10 శాతం వెండి లేదా బంగారం ఉన్న నాణేలు రెండు లేదా అంతకంటే ఎక్కువ ఒకేచోటి నిధిలో భాగమైతే అవి ట్రెజర్ కిందకు వస్తాయి. 14 రోజుల్లో కరోనర్‌కు, అంటే ఇలాంటివాటిపై విచారణ జరిపే అధికారికి, తెలపాలి. ఒకే నిధా, వేర్వేరుగా జారిపడినవా అన్నది నేను తేల్చే విషయం కాదు. కౌంటీ ఫైండ్స్ లయజన్ ఆఫీసర్‌కు, అంటే దొరికిన పాత వస్తువులను నమోదు చేసే అధికారికి, కార్డులతో సహా అప్పగించాను. ఆవిడ మొదట అడిగినది నాణేల గురించి కాదు, గడి సంఖ్య. 6 అంకెల గడే రాసి ఉంటే ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఎలిజబెత్ రాణి నాణేలు 3, వీటికి ఒక చక్కని కిటుకు ఉంది. ఆమె 1561లో మొదలుపెట్టిన పద్ధతిలో ఒకదాని పక్కన మరొకటిగా విలువలు మారేటప్పుడు రాణి తల వెనక గులాబీ ఉండటం, లేకపోవడం మారుతూ వస్తుంది. ఆరు పెన్స్‌కు గులాబీ ఉంది, నాలుగు పెన్స్‌కు లేదు, మూడుకు ఉంది, రెండుకు లేదు, ఒకటిన్నరకు ఉంది, ఒకటికి లేదు, ముప్పావుకు ఉంది. గులాబీ ఉన్నవాటికే వెనక కవచం పైన తేదీ ఉంటుంది. కనుక 16 మి.మీ. ముక్క మీద పూరేకు ఒక్కటి కనిపించినా అది ఒకటిన్నర పెన్నీయే. ఆరు పెన్స్ నాణెం 26 మి.మీ., 2.61 గ్రాములు, టంకశాల గుర్తు అడవి గులాబీ, తేదీ 1575. నాణెం రెండుచోట్ల వంచి ఉంది. ట్రాక్టరు చక్రం వంపు ఒకవైపే ఉంటుంది. ఇలా ఇటొకటి అటొకటి వంచినది ప్రేమ కానుకగా ఎవరో చేతితో చేసినది. తిన్నగా చేద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తే మానుకోండి. పాత వెండి పెళుసు, వంపు దగ్గర విరుగుతుంది.

మిగతావి మొదటి జేమ్స్ రెండు పెన్స్, మొదటి చార్లెస్ పెన్నీ, మూడో విలియం ఆరు పెన్స్. చివరిది యంత్రంతో కొట్టినది, అంచు చూడగానే తెలిసింది.

*లెక్క: తేలినవి 24. కాలం మాత్రమే 10. మిగిలినవి 17.*

దశ 5: ఇంగ్లండ్‌వి కానివి

వెండి కుప్పలో కుదరని పెన్నీ ఒకటి ఇక్కడికి వచ్చింది. సిలువ, చుక్కలు, 18.5 మి.మీ. వ్యాసం, అంతా ఎడ్వర్డ్ పెన్నీలాగే. బరువు 1.22. కానీ తల మీద కిరీటం లేదు, పూల పట్టీ ఉంది. ఏటవాలు వెలుతురులో తేలిన అక్షరాలు "కొమెస్". లాటిన్‌లో ఆ మాటకు కౌంట్ అని అర్థం. ఇంగ్లండ్ రాజు తనను తాను కౌంట్ అని రాసుకోడు. ఆ తర్వాతి అక్షరాలు హైనో ప్రాంతానివి, అంటే నేటి బెల్జియం వైపు. అక్కడి పాలకుడు జాన్ దావేన్ ఇంగ్లండ్ పెన్నీని అనుకరించి కొట్టించినది. ఇలాంటివాటిని ఇంగ్లండ్‌లో పొలార్డ్ అనేవారు. వెండి తక్కువ కావడంతో 1299లో మొదటి ఎడ్వర్డ్ వీటి విలువను సగం చేసి, 1300లో చెలామణీ నుంచి తొలగించాడు. నార్ఫోక్ రైతు చేతిలోంచి జారిందో, చెల్లదని తెలిసి విసిరేశాడో నాణెం చెప్పదు.

ఇత్తడి బిళ్ళలు 3 నాణేలే కావు, అయినా ఈ లెక్కలో ఉంచాను. వీటిని జెటన్ అంటారు. లెక్కల బల్ల మీద గీతల మధ్య పెట్టి కూడికలు, తీసివేతలు చేసే బిళ్ళలు. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో లక్షలుగా చేసి యూరప్ అంతటా అమ్మారు. గుర్తు పట్టడం తేలిక: ఒకవైపు గులాబీ చుట్టూ మూడు కిరీటాలు, మూడు లిల్లీలు, మరోవైపు సిలువ ఉన్న గోళం. 21–22 మి.మీ., పలుచన. రెంటి మీద హాన్స్ క్రావింకెల్ పేరు దొరికింది. ఆ పేరుతో 1586 నుంచి 1635 వరకు పనిచేసిన రెండో హాన్స్ చేసినవి ఇంగ్లండ్‌లో తరచుగా దొరుకుతాయి. ఒకదాని మీద జర్మన్‌లో "దేవుడి దీవెన సంపన్నుణ్ణి చేస్తుంది" అని ఉంది. లెక్కలు వేసే బిళ్ళ మీద ఆ మాట రాయించినవాడికి బేరం బాగా తెలుసు. మూడోదాని మీద అక్షరాల్లా కనిపించే అర్థంలేని గీతలున్నాయి. చదువు రాని అచ్చు చెక్కేవాడి పని. పేరు ఉండదు కాబట్టి కాలం దగ్గరే ఆగాలి.

అన్నిటికంటే చిన్నది 12 మి.మీ., 0.28 గ్రాములు. డిటెక్టర్ దీనికి చాక్లెట్ రేకుకు ఇచ్చే అంకే ఇచ్చింది. చిన్న వెండి, రేకు ముక్క ఆ యంత్రానికి ఒకటే. రేకులను వదిలేసేలా అమర్చుకుంటే ఇలాంటివి నేలలోనే ఉండిపోతాయి. ఒకవైపు మోకరిల్లిన మనిషి, జెండా. మరోవైపు నిలబడ్డ క్రీస్తు. వెనిస్ నగర పాలకుడు లియొనార్దో లోరెదాన్ కాలపు సోల్దీనో అనే చిన్న వెండి నాణెం, 1501–1521. వెనిస్ ఓడల వాళ్ళు తెచ్చి ఇంగ్లండ్‌లో అర పెన్నీగా ఖర్చు పెట్టేవారు. వందేళ్ళ ముందు ఇలాగే వచ్చిన మిఖేలే స్తేనో కాలపు సోల్దీనో మీద క్రీస్తు బదులు సెయింట్ మార్క్ సింహం ఉంటుంది. రెండు అలలను వేరు చేయడానికి ఆ బొమ్మ చాలు.

మిగిలిన రెండు రాగివి: మూడు లిల్లీలతో పదమూడో లూయీ కాలపు ఫ్రెంచి డబుల్ తుర్న్వా, ముళ్ళపువ్వుతో స్కాట్లాండ్ టర్నర్.

*లెక్క: తేలినవి 30. కాలం మాత్రమే 11. మిగిలినవి 10.*

దశ 6: రోమన్ చిల్లర

ఇవి 9, అన్నీ రాగి మిశ్రమం, అన్నీ 20 మి.మీ. లోపే. తెలుగు పాఠకులకు రోమన్ నాణెం అనగానే నల్లగొండ, కరీంనగర్ ప్రాంతాల్లో బయటపడిన అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల వెండి దీనార్లు గుర్తుకు రావచ్చు. అవి వ్యాపారానికి వచ్చిన 1వ శతాబ్దపు మంచి వెండి. ఇక్కడి పొలంలో దొరికేవి ఎక్కువగా 3, 4 శతాబ్దాల సంత చిల్లర. రెంటికీ ఒకే పుస్తకం పట్టుకుని వెతికితే ఫలితం ఉండదు. అన్నట్టు, ఇది చదివి ఊళ్ళో పాటి దిబ్బ మీదికి డిటెక్టర్ తీసుకెళ్ళకండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాల్సిందే. రక్షిత స్థలాల్లో తవ్వకమే నేరం.

వేరు చేసిన వరుస:

1. తల మీద సూర్యకిరణాల్లాంటి ముళ్ళ కిరీటం ఉంటే 3వ శతాబ్దం. ముత్యాల పట్టీ, శిరస్త్రాణం వంటివి ఉంటే 4వ శతాబ్దం వైపు వెళ్ళాలి.
2. వెనక ఇద్దరు సైనికులుంటే మధ్య జెండా కర్రలు లెక్కపెట్టాలి. రెండైతే 330–335, ఒకటైతే 335–341.
3. తోడేలు, కవల పిల్లలు ఉంటే రోమ్ నగరం పేరుతో 330ల్లో వచ్చినది. ఓడ ముక్కు మీద రెక్కల దేవత అయితే అదే కాలంలో కాన్‌స్టాంటినోపుల్ పేరుతో వచ్చినది.
4. అన్నిటికీ అడుగున గీత కింద టంకశాల గుర్తు. టి, ఆర్ అని మొదలైతే ట్రియర్. పి, ఎల్, జి అయితే లియాన్.

జెండా కర్రల లెక్కకు ఏటవాలు వెలుతురును 3, 9 గంటల దిక్కుల నుంచి మాత్రమే వేయాలి. కర్రలు నిలువు గీతలు కాబట్టి పైనుంచి వచ్చే వెలుతురులో మాయమవుతాయి. అలా ఒకదాన్ని "ఒక కర్ర" నుంచి "రెండు కర్రలు"కు మార్చి రాశాను. తోడేలు నాణెం మీద ట్రియర్ గుర్తు, కిరణాల కిరీటాల్లో ఒకటి గాల్ ప్రాంతంలో (నేటి ఫ్రాన్స్ వైపు) వేరు రాజ్యం నడిపిన మొదటి టెట్రికస్‌ది, 271–274. మిగతావాటిలో రెండు స్థానికంగా చేసిన నకళ్ళు. బొమ్మ చిన్నపిల్లల గీతలా ఉంటుంది, అక్షరాలు ఉండవు. మూడు పూర్తిగా నున్నన. పరిమాణం, మందం బట్టి 4వ శతాబ్దం అని మాత్రమే రాశాను.

*లెక్క: తేలినవి 34. కాలం మాత్రమే 16. మిగిలినది 1.*

నమోదు

అప్పగించిన అర ముక్కలు పోగా మిగతావన్నీ బ్రిటిష్ మ్యూజియం నడిపే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్‌లో నమోదుకు ఇస్తున్నాను. 15 లక్షలకు పైగా వస్తువులున్న ఆ జాబితాలో నా కార్డు పోలినది వెతకడానికి బొమ్మ కంటే కొలతలే పనికొచ్చాయి. లోహం, వ్యాసం, బరువు పెడితే కుప్ప చిన్నదవుతుంది, ఆ తర్వాతే ఫోటోలు చూడాలి. నున్నటి రోమన్ ముక్కలు కూడా ఇవ్వండి, ఆఫీసర్ వద్దనరు. పొలంలో ఏ శతాబ్దంలో జనం తిరిగారో చెప్పడానికి పేరు లేని నాణేనికీ గడి సంఖ్య ఉంటే చాలు.

మిగిలిన ఒక్కదాని కార్డు ఇది: రాగి మిశ్రమం, 17.4 మి.మీ. ఒక దిక్కు, 17.1 మరో దిక్కు, మందం 1.1, బరువు 2.06 గ్రాములు. ఒకవైపు అంచు పొడవునా చుక్కల వలయం, మధ్యలో కవచం కింది మొన కావచ్చు అనిపించే రెండు గీతలు. రెండోవైపు శూన్యం. దొరికినది రెండో పొలం దక్షిణపు గట్టు దగ్గర, జెటన్లు వచ్చిన గడికి పక్క గడి. పోల్చి చూసి కొట్టివేసినవి: ఒకటో జేమ్స్, చార్లెస్‌ల ఫార్దింగ్ టోకెన్లు (అవి ఇంత బరువుండవు), టర్నర్ (ముళ్ళపువ్వు లేదు), రోమన్ చిల్లర (చుక్కల వలయం మరీ అంచుకు ఉంది). తర్వాత చూడాల్సినవి 17వ శతాబ్దపు వ్యాపారుల టోకెన్లు, నెదర్లాండ్స్ చిన్న రాగి. కొత్త 0.001 గ్రాము త్రాసు వచ్చాక వెండివన్నీ నీటిలో మళ్ళీ తూచి, ఆ అంకెలు పాత వాటి పక్కన రాస్తాను.